గప్పీ చేపలు వేశాను, డ్రమ్ముల్లో దోమ పురుగు లేదు, దోమలు మాత్రం కుడుతూనే ఉన్నాయి

లెక్కల టీచర్ (రాజమహేంద్రవరం), జూలై 21

అందరికీ నమస్కారం. మా ఇంట్లో వాన నీటి వ్యవహారం ఒక కొలిక్కి రావడం లేదు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి. లెక్కల మనిషిని కాబట్టి అంకెలు ఎక్కువే ఉంటాయి.

మా డాబా అరవై చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల వాన పడితే ఆరు వందల లీటర్లు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఎన్నిసార్లు ఇచ్చానో గుర్తు లేదు. మా ఇంటి నీళ్లు మాత్రం ఇన్నేళ్లూ తూములోంచి వీధి కాలువలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఈ వేసవిలో బోరు నీళ్లు పోసీ పోసీ కుండీల మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, మల్లె ఆకుల అంచులు మాడిపోయాయి. అప్పుడు కదిలాను.

ఏర్పాటు ఇది. డాబా నీళ్లు పెరట్లోకి దిగే గొట్టానికి పక్కన నాలుగంగుళాల పీవీసీ పైపు ఆరడుగుల ముక్క ఒకటి నిలువుగా పెట్టించాను. అడుగున మరమూత ఉంటుంది. వాన మొదలవగానే వచ్చే మురికి నీరు, పావురాల రెట్టలు అన్నీ అందులోకి పోయి, అది నిండాక మంచి నీళ్లు డ్రమ్ముల వైపు మళ్లుతాయి. అందులో పదిహేను లీటర్లు పడుతుంది. ఆ తర్వాత వరసగా నాలుగు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక్కొక్కటి రెండు వందల లీటర్లది. చివర్లో సిమెంటు గాబు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, సుమారు వెయ్యి లీటర్లు. గాబును జూన్ చివర్లో మేస్త్రి వచ్చి ఇక్కడే కట్టాడు.

జూలై మొదటి వారంలో రెండు మంచి వానలు పడి అన్నీ నిండాయి. వారం తిరగకుండా డ్రమ్ముల్లో దోమ పురుగులు. మూత తీసి వెలుతురు పడగానే అన్నీ ఒక్కసారి తోకలు విదిలించి కిందికి దిగిపోవడం, కాసేపటికి ఒక్కొక్కటే పైకి తేలడం. నిరుడు మా అత్తయ్యకు డెంగీ వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. అందుకని ఆ దృశ్యం చూసి నాకు చేతులు ఆడలేదు.

అక్వేరియం దుకాణంలో ముప్పై గప్పీలు కొన్నాను, దోమ పురుగులను తినే చిన్న చేపలు. డ్రమ్ముకు అయిదు చొప్పున ఇరవై, గాబులో పది. మర్నాడు తెల్లవారేసరికి గాబులోవి పదికి పది చచ్చి తేలాయి. డ్రమ్ముల్లో రెండు పోయాయి, పద్దెనిమిది బాగానే ఉన్నాయి. అవి మూడు రోజుల్లో డ్రమ్ములను శుభ్రం చేసేశాయి. రాత్రి టార్చి వేసి చూశాను, తెల్ల గరిటెతో ముంచి చూశాను, ఒక్క పురుగు కూడా లేదు. చచ్చిన చేపలను తీసేసి గాబును పూర్తిగా తోడేశాను, ఇప్పుడు ఖాళీగా వెల్లకిలా పడుకున్న మనిషిలా ఉంది పాపం.

ఇది జరిగి పది రోజులైంది. దోమలు తగ్గాలి కదా. తగ్గలేదు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా, బెండకాయలు కోయడానికి కూర్చుంటే చాలు, మోకాళ్ల కింద పట్టుకుంటున్నాయి. నిన్న అయిదు నిమిషాల్లో పదకొండు కాట్లు.

నా ప్రశ్నలు మూడు. గాబులో చేపలు ఎందుకు చచ్చాయి? డ్రమ్ముల్లో పురుగే లేనప్పుడు ఈ దోమలు ఎక్కడినుంచి వస్తున్నాయి? గప్పీలు చాలవా, దోమల కోసం వదిలే ఇంకో చేప గంబూసియా తేవాలా? పక్కింటివారు కిరోసిన్ పోయమంటున్నారు. ఆ నీళ్లే మొక్కలకు పోయాలి కాబట్టి మనసొప్పడం లేదు.


పెరటి జామ (తెనాలి), జూలై 21

గంబూసియానే తెచ్చుకోండి టీచర్ గారూ. మున్సిపాలిటీ మలేరియా విభాగంలో అడిగితే ఉచితంగానే ఇస్తారు. మా పాడుబడిన బావిలో చిన్నప్పుడు వేశారు, ఇప్పటికీ ఉన్నాయి. గప్పీ రంగుల కోసం పెంచుకునే చేప, అది వేటాడదు.


వేప చెట్టు (ఒంగోలు), జూలై 22

మేము వాడేసిన ఇంజను నూనె ఒక గిద్దెడు పోస్తాం. ఒక్క దోమ ఉండదు. చేపలూ వద్దు, తలనొప్పీ వద్దు.


దోమల తాత (ఏలూరు), జూలై 22

ముందుగా ఒంగోలు మిత్రులకు. ఇంజను నూనె మురుగు గుంటలకు పోసే రోజుల్లో నేనూ పోశాను, అది వేరు. టీచర్ గారు ఆ నీళ్లను వంకాయకు, బెండకు పోసుకుంటారు, తర్వాత అవి తింటారు. దయచేసి ఇక్కడ ఆ సలహా వద్దు.

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్లు మలేరియా విభాగంలో క్షేత్ర ఉద్యోగిగా పనిచేసి రిటైరయ్యాను. ఈ పేరు మా మనవళ్లు పెట్టింది. మీరు అంకెలతో రాశారు కాబట్టి సమాధానం చెప్పడం సులువైంది.

మొదటిది, గాబు. అది చేపల తప్పు కాదు, మేస్త్రి తప్పూ కాదు. కొత్త సిమెంటు నుంచి సున్నం నీళ్లలోకి దిగుతుంది. బోరు నీళ్లయితే కొంత తట్టుకుంటాయి. వాన నీరు పలచనిది, అందులో ఖనిజాలు లేవు, అందుకే కొంచెం సున్నం కలిసినా క్షారం అమాంతం పెరుగుతుంది. ఆ నీళ్లు వేళ్ల మధ్య రుద్దితే సబ్బు నీళ్లలా జారుతాయి, చూసుకోండి. మొప్పలు మాడి చేపలు పోతాయి. గాబును నింపి, మూడు నాలుగు రోజులుంచి పారబోయండి. అలా మూడుసార్లు చేయండి. మధ్యలో ఒక విడత అరటి బోదెను ముక్కలు కోసి వేసి వారం నానబెట్టండి. నీళ్లు నల్లబడి కంపు కొడతాయి, భయపడకండి, తోడేసి కొబ్బరి పీచుతో గోడలు రుద్దండి. మా వైపు చేపలు పెంచేవారు కొత్త తొట్టెలకు చేసేది ఇదే. ఆ తర్వాత ముందు రెండు చేపలు వేసి రెండు రోజులు చూడండి. పదింటినీ ఒకేసారి వేయకండి. నానబెట్టే రోజుల్లో ఆ నీళ్లలో దోమ గుడ్లు పెట్టకుండా పైన పాత దోమతెర గుడ్డ కట్టండి.

డ్రమ్ముల్లో రెండు పోయాయన్నారు. దుకాణం నీళ్లలోంచి నేరుగా వాన నీళ్లలోకి వదిలి ఉంటారు. ఈసారి ప్లాస్టిక్ సంచిని అలాగే డ్రమ్ములో అరగంట తేలనిచ్చి, డ్రమ్ము నీళ్లు గ్లాసు గ్లాసు చొప్పున సంచిలో కలుపుతూ వదలండి. గప్పీకి కాస్త ఖనిజాలున్న నీళ్లు ఇష్టం. మీది గోదావరి ఊరు, గుప్పెడు ఆల్చిప్పలు ఏరుకొచ్చి కడిగి డ్రమ్ములో వేయండి, సరిపోతుంది.

రెండోది, అసలు విషయం. పగలు కుడుతున్నాయి, మోకాళ్ల కింద కుడుతున్నాయి. ఒకదాన్ని కొట్టి చూడండి. నల్లగా ఉండి కాళ్ల మీద తెల్లటి పట్టీలు ఉంటే అది ఈడిస్. డెంగీ తెచ్చేది అదే. అది ఎక్కువ దూరం ఎగరదు, మహా అయితే మీ ఇంటి చుట్టుపక్కల నాలుగైదు ఇళ్లు. మురుగు కాలువలో పుట్టేది క్యూలెక్స్, అది రాత్రి కుడుతుంది. అందుకని వీధి కాలువను తిట్టి లాభం లేదు. మీ పెరట్లోనో పక్కవాళ్ల పెరట్లోనో చేప లేని నీళ్లు ఇంకెక్కడో నిలిచి ఉన్నాయి.

ఈ దోమ గుడ్లను నీళ్లలో పెట్టదు. నీటి మట్టానికి కొంచెం పైన, తడి గోడకు అంటించి పోతుంది. గుడ్డు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటుంది. మళ్లీ నీళ్లు ఆ మట్టానికి లేవగానే పిల్ల బయటికి వస్తుంది. మన ఎండకు గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మా ఉద్యోగంలో శుక్రవారం డ్రై డే అని ఇంటింటికీ తిరిగి తొట్లు బోర్లించమని చెప్పేవాళ్లం. వారానికొకసారి ఎందుకంటే లెక్క ఇదే. జనం నీళ్లు వంచేవారు, గోడ రుద్దేవారు కాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది వెతకడం. కుండీల కింద పళ్లేలు, మనీప్లాంటు సీసా, ఫ్రిజ్ వెనక అడుగున ఉండే చిన్న పళ్లెం, కూలరు, ఏసీ నీళ్లు పట్టే బకెట్, కొబ్బరి చిప్పలు, సన్‌షేడ్ మీద పారేసిన టైరు. డ్రమ్ము మూతకు చుట్టూ గాడి ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు, వాన పడితే అందులో అర గ్లాసు నీళ్లు నిలుస్తాయి. ఈడిస్‌కు ఆ మాత్రం చాలు. అన్నిటికంటే ముందు మీరు రాసిన ఆ నాలుగంగుళాల నిలువు పైపు చూడండి. అడుగున మరమూత ఉందన్నారు. వాన వెలిసిన తర్వాత ఆ మూత ఎవరు విప్పుతున్నారు?

మూడోది, గంబూసియా. తెనాలి మిత్రులతో నాకు పేచీ ఉంది. మాకు శిక్షణలో చెప్పిన లెక్క ఇది: పెద్ద గంబూసియా రోజుకు వంద నుంచి మూడు వందల పురుగులు తింటుంది, గప్పీ ఎనభై నుంచి వంద. నీటి ఉపరితలం చదరపు మీటరుకు అయిదు నుంచి పది చేపలు చాలు. మీ డ్రమ్ము నోరు పావు చదరపు మీటరు. మీరు వేసిన అయిదూ ఎక్కువే. పురుగు లేదని మీరే చూశారు. గప్పీ వేటాడదనే మాట నిజం కాదని మీ డ్రమ్ములే చెబుతున్నాయి.

గంబూసియా అమెరికా చేప. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. నేను స్వయంగా సంచులకు సంచులు బావుల్లో, గుంటల్లో వదిలాను. అది పొగరుబోతు చేప. చిన్న చేపల తోకలు కొరుకుతుంది, వాటి గుడ్లు, కప్ప పిల్లలు తింటుంది. ప్రపంచంలో అతి హానికరమైన వంద వలస జాతుల పట్టికలో దాని పేరుంది. 2023లో మన రాష్ట్రంలో చెరువుల్లో భారీగా వదిలినప్పుడు పర్యావరణం తెలిసినవాళ్లు అభ్యంతరం చెప్పింది అందుకే. అప్పటికి నేను రిటైరయ్యాను, కానీ ఆ వార్త చదువుతుంటే నా పాత సంచులు గుర్తొచ్చాయి. గప్పీ కూడా పరాయి చేపే, దక్షిణ అమెరికాది. ఏది వేసినా డ్రమ్ము నిండి పొర్లే గొట్టానికి జాలీ కట్టండి. భారీ వానకు పొర్లిన నీళ్లతో చేప కాలువలోకి, అక్కడినుంచి ఎక్కడికైనా పోతుంది.

చివరిగా ఒక మాట అడుగుతాను. ఆ చేపలకు ఎవరైనా మేత వేస్తున్నారా?


లెక్కల టీచర్ (రాజమహేంద్రవరం), జూలై 22

తాతగారూ, మీరు మా ఇంట్లో ఎక్కడైనా దాక్కున్నారా? అత్తయ్య రోజూ పొద్దున్నే డ్రమ్ముకు ఇన్ని అన్నం మెతుకులు వేస్తున్నారు. "మూగజీవాలు, ఆకలితో ఉంటాయి" అని. నేను వద్దంటే వినరు. మీ సమాధానం చదివి వినిపిస్తాను, మీరు పెద్దవారు కాబట్టి వింటారు.

పైపు మూత ఎవరూ విప్పడం లేదు. ప్లంబరు బిగించి వెళ్లినప్పటి నుంచి నేను దాన్ని ముట్టుకోలేదు. రేపు చూస్తాను.


దోమల తాత (ఏలూరు), జూలై 22

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. కడుపు నిండిన చేప దోమ పిల్లను పట్టించుకోదు. మిగిలిన మెతుకు కుళ్లి నీళ్లు చెడతాయి. డ్రమ్ములో పురుగు లేనప్పుడు కూడా నాచు, నీటిలో పుట్టే చిన్న చిన్న జీవులు తిని బతుకుతాయి. మరీ మనసొప్పకపోతే వారానికి ఒక చిటికెడు అటుకుల పొడి. చిటికెడంటే అత్తయ్యగారి చిటికెడు కాదు, చిన్నపిల్లల చిటికెడు.


గోదారి గాలి (బ్రిస్బేన్), జూలై 23

మాది అమలాపురం. పదేళ్లుగా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఉంటున్నాం. ఇక్కడ వాన నీటి ట్యాంకు లేని ఇల్లు తక్కువ, మా పెరట్లో అయిదు వేల లీటర్లది ఉంది. తాతగారి మాటకు ఇక్కడి అనుభవం జోడిస్తాను.

ఇక్కడ ట్యాంకులో చేపలు వేయమని ఎవరూ చెప్పరు. నీళ్లు వచ్చే చోట, పొర్లే చోట, గాలి గొట్టం దగ్గర, అన్నింటికీ జాలీ ఉండాలి, కన్నం ఒక మిల్లీమీటరు దాటకూడదు. ఇది సలహా కాదు, రాష్ట్ర నిబంధన. దీని వెనక చరిత్ర ఉంది. ఒకప్పుడు బ్రిస్బేన్‌లోనూ ఈ డెంగీ దోమ ఉండేది. 1950ల తర్వాత లేకుండా పోయింది. జాలీలు లేని పాత వాన నీటి ట్యాంకులు తీసేయడం దానికి ఒక పెద్ద కారణమని చెబుతారు. ఉత్తరాన టౌన్స్‌విల్, కెయిర్న్స్ వైపు ఆ దోమ ఇప్పటికీ ఉంది.

గంబూసియాను ఈ దేశానికి 1925లో దోమల కోసమే తెచ్చారు. ఇప్పుడు ఇక్కడ అది నిషిద్ధం. పెంచకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, వాగులో వదలకూడదు. మా అబ్బాయి వలతో వాగులో పట్టుకొస్తే నేనే హడలిపోయాను. పెరటి చెరువులకు స్థానిక చేప పసిఫిక్ బ్లూ ఐ వేసుకోమంటారు. కళ్లు నిజంగానే నీలంగా మెరుస్తాయి, మన వేలు పొడుగు కూడా ఉండదు.

నేను అమలాపురంలో చిన్నప్పుడు వరిచేల బోదె కాలువల్లో చూసిన చేప ఒకటి గుర్తుంది. నీటి పైపొరనే అంటిపెట్టుకుని తిరుగుతుంది, తల మీద వెండి చుక్క, పైనుంచి చూస్తే ఆ చుక్క ఒక్కటే కనబడుతుంది. మేం చేతులతో పట్టేవాళ్లం. అది దోమ పిల్లలను తింటుందా తాతగారూ? పేరు మర్చిపోయాను.


దోమల తాత (ఏలూరు), జూలై 23

తింటుంది, బాగా తింటుంది. శాస్త్రంలో దాన్ని ఆప్లోకైలస్ అంటారు. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు, నేను ఏ పేరు రాసినా పక్క ఊరివాళ్లు కాదంటారు. నోరు పైకి తిరిగి ఉంటుంది, కాబట్టి నీటి పైన వేలాడే దోమ పిల్ల దానికి సరిగ్గా నోటి ముందు ఉంటుంది. టీచర్ గారికి దొరికితే గప్పీ కంటే అదే మేలు, మన నేల చేప. ఒక్కటే కష్టం, ఎగిరి దూకుతుంది. డ్రమ్ము మీద వల కట్టకపోతే పొద్దున్నే చీమలు మోసుకుపోతుంటాయి. పొలం మందులు కొట్టిన బోదెల్లోంచి పట్టకండి.

జాలీ గురించి బ్రిస్బేన్ వారు చెప్పింది నూటికి నూరు పాళ్లు సరి. జాలీ నిలవగలిగిన చోట చేప అవసరమే లేదు. మన దగ్గర రోజుకు పదిసార్లు చెంబు ముంచే గాబుకు, మూత సరిగా కూర్చోని పాత తొట్టెకు చేప పనికొస్తుంది. చెంబు ముంచేవాళ్లకు ఒక జాగ్రత్త, అడుగున జానెడు నీళ్లు ఎప్పుడూ ఉంచాలి. పూర్తిగా తోడేసుకుని, మర్నాడు వాన నీళ్లు వచ్చాక చేపలు ఏవండీ అని అడిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు.


లెక్కల టీచర్ (రాజమహేంద్రవరం), జూలై 27

ఆలస్యానికి క్షమించండి, యూనిట్ పరీక్షల పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను.

తాతగారు చెప్పిన వరసలో వెతికాను. కుండీల కింద పళ్లేలు ఇరవై రెండు, వాటిలో ఆరింటిలో నీళ్లు, రెండింటిలో పురుగులు. అన్నిటిలోనూ ఇసుక నింపేశాను. ఫ్రిజ్ వెనక పళ్లెం పొడిగా ఉంది. డ్రమ్ము మూతల గాడిలో నీళ్లున్నాయి, పురుగు లేదు, అయినా తుడిచి బోర్లించాను. ఒక దోమను కొట్టి తెల్ల కాగితం మీద పెట్టి మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని భూతద్దంతో చూశాను. కాళ్ల మీద తెల్ల పట్టీలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

ఇక పైపు. ఆదివారం పొద్దున ఆ మరమూత విప్పడానికి నా బలం చాలలేదు, మా ఆయన వచ్చి గుడ్డ చుట్టి తిప్పారు. కింద తెల్ల ప్లాస్టిక్ టబ్బు పెట్టాను. మొదట నల్లటి మడ్డి దబ్బున పడింది, తర్వాత నీళ్లు. టబ్బు నిండాక కాసేపు ఏమీ కనబడలేదు. మడ్డి కిందికి దిగాక చూస్తే నీళ్లన్నీ కదులుతున్నాయి. సన్నటి దారం ముక్కల్లాంటివి, కొంచెం పెద్దవి, ఇంకొన్ని తల బరువైన కామా గుర్తుల్లా వంకర తిరిగినవి. తలకిందులుగా వేలాడుతూ, నేను టబ్బు అంచు తట్టగానే అన్నీ కలిసి కిందికి. కుతూహలం కొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట నలభై దగ్గర ఆపేశాను. ఇంకా సగం కూడా కాలేదు.

నీళ్లు శుభ్రంగా ఉండాలని డబ్బు పెట్టి పెట్టించిన పైపు అది. మూడు వారాలుగా పెరట్లో దోమలను ఉత్పత్తి చేస్తున్నది అదే. డ్రమ్ముల్లోకి చేపలు వేసి, టార్చి వేసి, గరిటెతో ముంచి నేను కాపలా కాస్తున్నంతసేపూ రెండడుగుల దూరంలో ఆ పైపు తన పని తాను చేసుకుంటోంది. వాన పడిన ప్రతిసారీ పై నుంచి కొత్త నీళ్లు, రెట్టలు, ఆకులు, అంటే మేత కూడా. పైన నోరు తెరిచే ఉంది, దోమ నేరుగా లోపలికి దిగవచ్చు.

టబ్బును నేల మీద పారబోద్దామనుకున్నాను. అత్తయ్య ఆపారు. "చేపలకు అన్నం మాన్పించావు కదా, ఇదైనా వెయ్యి" అన్నారు. మడ్డి పోకుండా టీ వడగట్టే జల్లెడతో పురుగులను వడకట్టి మూడో డ్రమ్ములో వేశాను. అయిదు గప్పీలు. మొదటి రెండు క్షణాలు కదల్లేదు. తర్వాత ఒక ఆడ చేప, పొట్ట పెద్దది, ముందుకు వచ్చి ఒక్కసారి నోరు తెరిచి మూసింది, పురుగు లేదు. నమలడం లాంటిదేమీ లేదు, ఉన్నది లేకుండా పోతుంది, అంతే. మగ చేపలు రంగు తోకలతో వయ్యారాలు పోతూ దాని వెనకే తిరిగాయి, పని మాత్రం ఆడదే చేసింది. ఆ కామా ఆకారంవి వేగంగా దొర్లుతాయి, వాటి వెంటపడి రెండు మూడు సార్లు గురి తప్పింది. ఒక్కొక్కదాన్నే వేయకుండా అన్నీ ఒకేసారి వేయడం నా పొరపాటేమో, పావుగంట తర్వాత చేపలు కిందికి వెళ్లి నిలబడిపోయాయి. సాయంత్రానికి మళ్లీ మొదలుపెట్టాయి. మర్నాడు గరిటె ముంచితే ఏమీ లేవు.

ఇప్పుడు పైపును ఏం చేయాలి? తీసేస్తే రెట్టల నీళ్లు డ్రమ్ముల్లోకి పోతాయి.


దోమల తాత (ఏలూరు), జూలై 27

తీయకండి. మరమూత మధ్యలో సన్నటి కన్నం ఒకటి వేయించండి, బాల్‌పెన్ రీఫిల్ దూరేంత. చుక్క చుక్కగా కారి ఒక రోజులో ఖాళీ అవుతుంది. వాన పడేటప్పుడు కారే దానికంటే వచ్చేది ఎక్కువ కాబట్టి పైపు మామూలుగానే నిండుతుంది. మడ్డితో కన్నం మూసుకుపోతుంది, కాబట్టి ప్రతి శుక్రవారం మూత విప్పి కడగండి, ఆ రోజు మీకు గుర్తుండేలా శుక్రవారం పూజకు ముందు పెట్టుకోండి. కారే నీళ్లు కింద ఒక అరటి మొక్కకు పోయేలా చూసుకోండి. పైన డాబా తూము దగ్గర స్టీలు జాలీ. పైపు లోపలి గోడకు గుడ్లు అంటుకుని ఉంటాయి, సీసాలు కడిగే పొడుగు బ్రష్షుతో ఒకసారి రుద్దండి. ఇప్పటికే రెక్కలొచ్చి ఎగిరినవి రెండు మూడు వారాలు బతుకుతాయి, రేపే కాట్లు ఆగుతాయని అనుకోకండి. అప్పటిదాకా బెండకాయలు కోసేటప్పుడు సాక్సు వేసుకోండి.


వేప చెట్టు (ఒంగోలు), జూలై 28

తాతగారూ, కోపం లేదు. ఇంజను నూనె మానేశాను. మా సంపు మూత పగిలింది, దానికి చేపలా, జాలీయా?


దోమల తాత (ఏలూరు), జూలై 28

కొత్త మూత.


లెక్కల టీచర్ (రాజమహేంద్రవరం), ఆగస్టు 20

అడిగినవారి కోసం లెక్క రాస్తున్నాను. బెండ మడి దగ్గర అదే చోట, అదే సమయం, అయిదు నిమిషాలు కూర్చుంటే కాట్లు: జూలై 20న పదకొండు, ఆగస్టు 3న ఏడు, ఆగస్టు 10న మూడు, నిన్న ఒకటి. సాక్సు తీసేసి కూర్చున్నాను, ప్రయోగం ప్రయోగమే. ఆ ఒక్కటీ ఎక్కడిదో కూడా తెలిసింది, పక్కింటివారి గోడ మీద పాత టైరు ఉంది. కిరోసిన్ సలహా ఇచ్చింది వారే. మా ఆయన వెళ్లి మాట్లాడారు, టైరుకు నాలుగు కన్నాలు పొడిచి గోడ మీదే ఉంచారు, ఎందుకో మరి, దాని మీద వారికి మమకారం.

పైపు మూత కన్నం ఒకసారి మూసుకుపోయింది, కడిగాను. గాబు అరటి బోదె నీళ్ల వాసన నాలుగు రోజులు వీధంతా ఉంది. మూడు విడతలు అయ్యాక రెండు గప్పీలు వేశాను, వారమైంది, హుషారుగా ఉన్నాయి. రెండో డ్రమ్ములో పిల్లలు పెట్టాయి. కంటికి ఆనేంత మాత్రమే, గాజు ముక్కల్లా. పెద్దవే కొన్నిటిని తినేస్తుంటే చూడలేక, పునాచు అనే నీటి మొక్క కొంచెం తెచ్చి వేశాను, దాని చాటున ఓ పద్దెనిమిది మిగిలాయి.


దోమల తాత (ఏలూరు), ఆగస్టు 20

ఇవాళ మంచి రోజే రాశారు. 1897లో ఇదే ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు. మా ఆఫీసులో ఈ రోజు దోమల దినం అని మీటింగు, బిస్కెట్లు, టీ ఉండేవి. ఆ అనాఫిలిస్ దోమ పిల్ల నీటి మీద బల్లపరుపుగా పడుకుంటుంది, మీ పైపులోది తలకిందులుగా వేలాడుతుంది. తేడా మీరే కళ్లారా చూసి రాశారు.

పద్దెనిమిది పిల్లలంటే వచ్చే నెలకు మీకు డ్రమ్ములు చాలవు. ఏం చేస్తారు?


లెక్కల టీచర్ (రాజమహేంద్రవరం), ఆగస్టు 21

మా తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు అడిగారు. ఇళ్లలో మూత లేని గాబులున్నవాళ్లకే ఇస్తానన్నాను, వెళ్లి చూసొచ్చాకే. ఒకడు అప్పుడే పాత ఊరగాయ జాడీ కడిగి పట్టుకొచ్చాడు, ఇంకా ఆవ వాసన వస్తోంది. మళ్లీ కడుక్కురమ్మని పంపించాను.